మగ్గానికి కట్టిన ఫోన్

నా ఫోన్‌కి ఐదేళ్లు. ఒక మూల పగిలింది. వెనక అట్ట ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి నిలబెట్టాను. ఛార్జింగ్ ఎక్కాలంటే పిన్నుని ఒక పక్కకి వంచి, దాని పక్కనే కాపలా కూర్చోవాలి. ఇలాంటి ఫోన్ మార్చాలా వద్దా అని ఎవరైనా ఆలోచిస్తారా? నేను నాలుగు నెలలు ఆలోచించాను. ఎందుకంటే నేను దాన్ని మాట్లాడడానికి వాడింది తక్కువ, చూడడానికి వాడింది ఎక్కువ. చూడడమంటే సినిమాలు కావు, పట్టుపోగులు.

మాది మదనపల్లె, మగ్గాల వీధి. మా ఆయన పట్టుచీరలు నేస్తాడు, నేను అచ్చు అతుకుతాను. ఈ పని తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. మగ్గం మీద చీరకి నిలువుగా ఉండే పోగులన్నిటినీ కలిపి వార్పు అంటాం. ఒక వార్పులో మూడు చీరలు వస్తాయి. అది అయిపోయాక పాత పోగుల కొసలు మగ్గంలోనే ఉంచి, ఒక్కొక్క పాత పోగుకి ఒక్కొక్క కొత్త పోగు చేర్చి వేళ్ల కొసలతో మెలిపెట్టాలి. దీన్నే అచ్చు అతకడం అంటాం. ముడి కాదు, మెలిక మాత్రమే. పోగు జారకుండా వేళ్లకి బూడిద అద్దుకుంటాం. అలా వేల పోగులు. ఎక్కడైనా ఒకదాని బదులు రెండు పోగులు పడ్డాయంటే, వరుస జరిగిపోయి మూడు చీరల పొడవునా గీత పడుతుంది. అది నేసేవాడి కంట పడేసరికి చీర చాలా దూరం వచ్చేసి ఉంటుంది.

పెళ్లయిన కొత్తలో మా అత్త నేర్పింది ఈ పని. అతికేటప్పుడు నోరు మెదపకూడదనీ, ఇంట్లోవాళ్లు పలకరించకూడదనీ ఆమె నియమం. పని అయ్యాక ఆ ఇంటామె వచ్చి, అతికిన మనిషి నోట్లో తన చేత్తో బెల్లం ముక్క పెట్టాలి. అప్పటిదాకా కొత్త పోగుల్ని మగ్గంలోకి లాగకూడదు. ఇది మా వీధంతా పాటించేదే. మా ఇంట్లో మాత్రం అత్త పోయాక ఇంటామెనూ నేనే, అతికేదాన్నీ నేనే. అందుకని నా బెల్లం నేనే నోట్లో వేసుకునేదాన్ని. మా ఆయన మగ్గంలో కూర్చుని నవ్వేవాడు.

నాకు గర్వం ఉండేది, దాచుకోవడం దేనికి. పొద్దున కాఫీ తాగి కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి వార్పు మొత్తం అతికి లేచేదాన్ని. మా వీధిలోనే కాదు, పక్క రెండు వీధుల్లో కూడా నా కోసం మగ్గాలు ఆపుకుని కూర్చునేవాళ్లు. ఇంకెవరైనా అతికారని తెలిస్తే, ఆ ఇంటి చీర చూసి వంక పెట్టకుండా వచ్చేదాన్ని కాదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కళ్లు చెడిపోవడం మొదలైంది వార్పు మీద కాదు, వంటింట్లో. బియ్యంలో రాయి ఉన్నట్టు తెలుస్తుంది, తీద్దామని చూస్తే ఉండదు. చూపు పక్కకి తిప్పితే మళ్లీ అక్కడే ఉంటుంది. కొన్నాళ్లకి మనుషులూ అంతే అయ్యారు. ఎదురుగా నిలబడిన మనిషి మొహంలోకి చూస్తే మొహం ఉండాల్సిన చోట బూడిద పూసినట్టుంటుంది, చెవులు మాత్రం బాగా కనిపిస్తాయి. నేను దేన్ని చూస్తే అది పోతుంది. చూడనిదంతా చక్కగా ఉంటుంది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అని ఒళ్లు మండిపోయేది.

ఫోన్ ఆలోచన మా ఆయనది. ఒకరోజు ఫోన్ కెమెరాతో చీర అంచు ఫోటో తీసి, వేళ్లతో సాగదీసి చూపించాడు. పోగు పురికొసంత లావుగా కనిపించింది. మర్నాడే పాత చీర అంచు చింపి, దాంతో ఫోన్‌ని మగ్గం అడ్డకర్రకి కట్టాడు. కెమెరా కిందికి, తెర నా వైపుకి. చేతులు ఫోన్ కింద పని చేస్తాయి, కళ్లు ఫోన్ మీద ఉంటాయి. అలా ఏడాదిన్నర అతికాను. పక్క వీధి ఇళ్లకి వెళ్లినప్పుడు కూడా ఫోన్, గుడ్డపీలిక సంచిలో వేసుకుని వెళ్లేదాన్ని.

అక్కడొక అమ్మాయి ఉంది. అమ్మాయంటే ఇద్దరు పిల్లల తల్లి. కోడలుగా వచ్చిన కొత్తలో నా పక్కన కూర్చుని ఈ పని కొంత నేర్చుకుంది. ఆమె ఇంట్లో మొదటిసారి ఫోన్ కట్టినప్పుడు పకపకా నవ్వింది.

"ఏమక్కా, సీరియల్ సూస్తా అతకతాండావా?"

"అవును మే. మీ అత్త కత వస్తాండాది" అన్నాను. వాళ్ల అత్తతో సహా అందరూ నవ్వారు.

కానీ ఆ ఫోన్‌లో ఒక పెద్ద లోపం. బొమ్మ ఆలస్యంగా వస్తుంది. నా వేలు పోగు పట్టుకున్నాక తెర మీది వేలు పట్టుకుంటుంది. చెయ్యి ముందు, బొమ్మ వెనక. నేను ఆగడం నేర్చుకున్నాను. పట్టుకోవడం, ఆగడం, చూడడం, మెలిపెట్టడం. ఒక రోజు పని మూడు రోజులు పట్టేది. మూడో రోజు సాయంత్రానికి ఫోన్ కాలిపోతూ ఉండేది, బొమ్మ ఇంకా నెమ్మదించేది. అలాంటి ఒక సాయంత్రమే ఆ అమ్మాయి ఇంట్లో వరుస తప్పాను. మూడు చీరలకీ గీత పడింది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అని వచ్చేదాన్ని. తర్వాతి వార్పుకి నన్ను పిలవలేదు, తనే అతుక్కుంది. మెల్లగా మిగతా ఇళ్లవాళ్లు కూడా ఆమెనే పిలిచారు. వీధిలో ఎదురైతే "బాగుండావా అక్కా" అని పలకరించేది. మొహం కనిపించకపోయినా గొంతు పట్టి మనిషిని గుర్తుపట్టి, "బాగుండాను" అని ముక్తసరిగా చెప్పి తప్పుకునేదాన్ని. చివరికి నాకు ఒకే మగ్గం మిగిలింది, మా ఇంటిది. అది కూడా పోతే నేను ఏమిటన్నది నాకు తెలియదు. వంట చేస్తాను, బట్టలు ఉతుకుతాను, నిజమే. కానీ ఈ వీధిలో నన్ను నన్నుగా నిలబెట్టింది ఆ మెలిక ఒక్కటే.

"ఫోన్‌ది తప్పు, నీది కాదు. కొత్తది కొనుక్కుందాము" అనేవాడు మా ఆయన. రోజూ అనేవాడు. ఆయన ఆశ చూస్తే నాకు చిరాకు. ఆశ పడటం ఆయనకి సులువు, తీరా చూడాల్సింది నేను. కొత్త ఫోన్‌లో కూడా కనిపించకపోతే ఇంక తప్పు మోపడానికి ఏదీ ఉండదు. నా నాలుగు నెలల ఆలోచనంతా అదే. పాత ఫోన్ చేతిలో ఉన్నంతకాలం లోపం ఫోన్‌ది.

మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో చూసి, కంటి వెనక తెర దెబ్బతిందన్నారు. ఆ తెరనే చూసే డాక్టరమ్మ ఒకామె గురువారాలు కుప్పంలో ఉంటుందట, ఒకసారి చూపించుకోమన్నారు. ఫోన్ కూడా అక్కడే చూద్దామని మా ఆయన పట్టుబట్టాడు. బుధవారం బయలుదేరి, దారిలో పుంగనూరులో దిగాం. మా ఆయన అక్క, అంటే మా వదిన, అక్కడే ఉంటుంది. పొట్టి ఆవుల్ని పెంచి దూడల్ని అమ్ముతుంది. పట్నం వాళ్లు వీడియో చూడనిదే బేరానికి రారని పోయిన ఏడాది మంచి ఫోన్ కొంది.

వదినకి ఆ ఫోన్ అంటే ప్రాణం. మేం చేతులు కడుక్కునేలోపే దూడని పట్టుకొచ్చి తెర మీద చూపించింది. "ఈ పిల్లకి చెవి కింద గోమార్లు కరిసిన మచ్చలు ఉండాయి కదా. ఫోన్లో సూడు, ఒక్కటన్నా ఉండాదా? పెండ్లికూతురు మాదిరి ఉండాది." ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. చెవిన పడిన ఆ మాటని ఇంకొంచెం పట్టించుకుని ఉండాల్సింది.

నేను ఇంటి నుంచి ఒక అట్టముక్క తెచ్చుకున్నాను. దానికి ఒక అంచున పాత పోగులు కొన్ని, ఎదుటి అంచున కొత్త పోగులు కొన్ని జిగురుతో అంటించి ఉన్నాయి, అచ్చం మగ్గం మీద ఉన్నట్టే. వదిన ఫోన్‌ని రెండు బిందెల మధ్య కర్ర వేసి కట్టాడు మా ఆయన. కింద అట్ట పెట్టుకుని, పొయ్యి బూడిద అద్దుకుని, చూపు ఎప్పటిలాగే కాస్త ఓరగా పెట్టి తెర వైపు చూశాను.

పోగులు మెరిసిపోతున్నాయి. దేనికది విడివిడిగా, దువ్వినట్టు ఉన్నాయి. నా వేలు కదిలితే తెర మీది వేలు అప్పుడే కదిలింది. గబగబా ఇరవై మెలికలు పెట్టేశాను. మా ఆయన అట్ట తీసుకుని ఒక్కొక్క మెలికనీ లాగి చూశాడు. ఒక్కటీ ఊడలేదు. నేతపని వాళ్ల అలవాటు అది, మెలిక గట్టిదా కాదా అని లాగడం. గట్టిగా ఉంటే సంతోషం. ఏ పోగు ఏ పోగుకి పడిందో ఆయన చూడలేదు, నేను చూడమనలేదు.

గురువారం పొద్దున గంగవరం, పలమనేరు మీదుగా కుప్పం బస్సులో ఆయన నోరు మూయలేదు. ఫోన్‌ని ఏ ఎత్తులో కట్టాలి, కర్ర మార్చాలా, ఇనప స్టాండు చేయించాలా అని ఒకటే లెక్క. నేను కూడా ఒక పిచ్చిపని చేశాను. ముందుగా ఏ ఇంటికి కబురు పెట్టాలా అని మనసులో ఇళ్లు ఏరుకున్నాను. ఆ అమ్మాయి ఇంటికి చివర్న వెళ్లాలని కూడా అనుకున్నాను. బాగా పిలిపించుకుని వెళ్లాలని.

డాక్టరమ్మ కళ్లలో మందు వేసి, లైటు వేసి చాలాసేపు చూసింది. మంచి మనిషి. తొందరపడకుండా చెప్పింది.

"నడిమధ్య చూపు పోయిందమ్మా. పక్క చూపు ఉంటుంది. నీ పనులు నువ్వు చేసుకుంటావు, దారి తప్పవు. సన్నపని మాత్రం ఇంక పెట్టుకోవద్దు."

"మందు లేదా?"

"ముందే వచ్చుంటే కొంతకాలం నిలిపేవాళ్లమేమో. ఇప్పుడు పోయింది తిరిగి రాదు."

"ఇంకా పెరగతాదా?"

"పెరుగుతుంది. ఎంత తొందరగా అంటే చెప్పలేను."

మా ఆయన ముందుకి జరిగి కూర్చున్నాడు. "పెద్దగా సూపించే ఫోను కొనిస్తాండాను మేడమ్. ఏది మంచిదో సెప్పండి" అన్నాడు. ఫోన్ల సంగతి తనకి అంతగా తెలియదని ఆమె మెల్లగా అంది. ఆయన ఆ మాటని ఫోన్ల గురించి అన్నట్టే తీసుకున్నాడు. నాకు మాత్రం ఆమె ఏమంటోందో అర్థమైంది.

బస్టాండు ఎదురుగా పెద్ద ఫోన్ల షాపు. మందు దిగేదాకా అక్కడ టీ బంకు బల్ల మీద కూర్చుని, తర్వాత లోపలికి వెళ్లాం. కౌంటర్లో ఒక ఆడమనిషి ఉంది. చుట్టూ తమిళం, కన్నడం మాట్లాడే వాళ్లతో అలవాటై ఆమె తెలుగులో కూడా ఏదో సాగదీత ఉంది. మా ఆయన సంచిలోంచి అట్టముక్క తీసి, మాకు పాటలు వద్దు, ఆటలు వద్దు, ఈ పోగులు కనిపిస్తే చాలన్నాడు. ఆమె వింతగా చూసి ఉంటుంది. కానీ విసుక్కోకుండా ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లు తీసి అట్ట మీద పట్టింది. అన్నిట్లోనూ పోగులు మెరుస్తున్నాయి.

"బాగుండాయి" అన్నాను.

వదిన చెప్పిన దూడ మచ్చలు గుర్తొచ్చాయేమో, మా ఆయన అట్టని చేతిలోకి తీసుకుని వెలుతురులోకి నడిచాడు. పుంగనూరులో నేను పెట్టిన మెలికల్ని ఇప్పుడు లాగడం లేదు, లెక్కపెడుతున్నాడు. తిరిగొచ్చి, షాపామె ముందు అట్ట పెట్టాడు.

"మ్మా, నీ కండ్లు బాగుండాయి. ఈడ నుంచి ఈడికి పోగులు ఎన్ని ఉండాయో సూడు. తరవాత ఫోన్లో సూసి సెప్పు."

ఆమె వంగి వేలితో లెక్కపెట్టింది. "ఏడు ఉండాయన్నా." తర్వాత ఫోన్ పట్టి చూసింది. కాసేపు అటూ ఇటూ జరిపింది. "అయిదే కనపడతాండాయి." తనే సిగ్గుపడినట్టు నవ్వింది. "ఈ కొత్త వాటిల్లో కెమెరా అంతా నున్నగా చేసేస్తాదక్కా. మొకాలు బాగుండాలని. మొటిమలు, ముడతలు కనపడనీదు. రెండు పోగులు దగ్గిరుంటే ఒకటి చేసేస్తాండాది."

ఇరవై మెలికలకి ఇరవై కొత్త పోగులు పోవాలి. ఆయన లెక్కలో, పుంగనూరులో నేను ఇరవైమూడు వాడేశాను. మూడు చోట్ల రెండేసి పోగుల్ని ఒకటనుకుని పట్టుకున్నాను. నా చేతులకి అది తెలియాలి. ముప్పై ఏళ్లుగా అతికిన చేతులు. తెర మీద ఒకటే ఉందని చూశాక, చేతులు కూడా ఒకటేనని నమ్మేశాయి.

షాపామె ఊరుకోలేదు. ఏవేవో నొక్కి ఆ నున్నచేసే పనులన్నీ ఒక్కొక్కటిగా ఆపింది. "ఇప్పుడు సూడక్కా, ఉన్నదున్నట్టు ఉండాది" అంది. చూశాను. మెరుపు పోయింది. మసక మిగిలింది, నా ఫోన్‌లో మల్లేనే. తెర నడిమధ్య బూడిద మరక. ఆమె పెద్దది చేసింది. పోగు తాడంత అయింది, పక్క పోగు తెర దాటి బయటికి పోయింది. చిన్నది చేస్తే పక్కవి వచ్చాయి, చూడాల్సింది మరకలో కలిసిపోయింది. పోగు కనిపిస్తే వరుస కనిపించదు. వరుస కనిపిస్తే పోగు కనిపించదు. నాకు రెండూ కావాలి.

"ఇంగా పెద్దది ఉండాదా?" అన్నాడు మా ఆయన.

ఆమె అద్దాల బీరువా తాళం తీసి ఒకటి తెచ్చింది. అదీ అంతే.

"దీనికంటే?"

ఆమె బీరువా తాళం వేసేసింది. నేను లేచాను. "సాలు, పదప్పా."

"యాల సాలు? బెంగుళూరు పోదాము. రైలు ఈడ్నించే ఉండాది. ఆడ ఇంగా మంచివి ఉంటాయి."

"ఉంటాయి. కొనిస్తే కట్టుకుని అతకతాను కూడా. మెరస్తా కనపడతాంటే ఎవురు మానుకుంటారు? నేను అతికితే నీ మగ్గం మీద గీత పడతాది. ఆ గీతని మూడు చీరలూ నువ్వే నెయ్యాల. అది కావాల్నా నీకు?"

ఆయన చాలాసేపు నిలబడ్డాడు. ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలియదు. చూడాలంటే చూపు పక్కకి తిప్పుకోవాలి, ఆ పూట నాకు ఆ ధైర్యం లేదు. చివరికి నా పాత ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టి, "దీనికైనా పైన గ్లాసు ఎయ్యమ్మా" అన్నాడు.

ఆమె దాన్ని తిప్పి చూసింది. "ఈ మోడలుకి గ్లాసులు రావడం లేదన్నా ఇప్పుడు."

తిరుగు బస్సు ఎక్కాం. పుంగనూరులో వదిన బస్సు దగ్గరికి వచ్చి కిటికీలోంచి పాలసీసా అందించింది. ఏం ఫోన్ కొన్నారని అడిగింది. నచ్చలేదని చెప్పాడాయన.

పది రోజులకి మగ్గం మీద వార్పు అయిపోయింది. కొత్త వార్పు గోడవారన చుట్టి ఉంది. ఆయన మగ్గం గుంతలోంచి లేచి వాకిట్లో కూర్చున్నాడు. నన్ను అతకమనలేదు, వద్దనీ అనలేదు. ఒక రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. మగ్గం ఆగితే మా ఇంట్లో కుక్కర్ చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. మూడో రోజు పొద్దున నేనే ఫోన్ తీసి, అందులో మాట్లాడే మీట నొక్కి ఆ అమ్మాయికి కలపమన్నాను.

"మా అచ్చు అతకాల. వస్తావా మే?"

"నువ్వు ఉండావు కదక్కా" అంది.

"వస్తావా రావా?" అన్నాను కొంచెం గట్టిగానే.

మర్నాడు పెందలాడే వచ్చింది. నా పీట మీద కూర్చుని, అడ్డకర్ర వైపు చెయ్యి చూపించి ఉంటుంది. "అక్కా, ఈ గుడ్డపీలిక అడ్డం వస్తాంది. విప్పేదా?" అంది. ఫోన్ కట్టే పీలిక ఎప్పుడూ అక్కడే వేలాడుతూ ఉండేది. నేనే విప్పుతానన్నాను. ఏడాదిన్నరగా బిగుసుకున్న ముడి, చాలాసేపు పట్టింది. ఆమె తొందర పెట్టలేదు.

తర్వాత నేను గడప దగ్గర చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. అతికేటప్పుడు పలకరించకూడదు. పలకరించలేదు. బూడిద డబ్బా మూత చప్పుడు, గాజుల చప్పుడు, అంతే. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తడబడుతుందో అని చెవులు అటే పెట్టాను. ఆగితే బాగుండని అనుకున్నాను. ఇది చెప్పాలా వద్దా అనిపించింది, కానీ అనుకున్న మాట నిజం. ఆమె ఆగలేదు.

సాయంత్రం "అయిందక్కా" అని చేతులు దులుపుకుంది. నేను లోపలికి వెళ్లి బెల్లం డబ్బా తెచ్చాను. ఆమె నోరు తెరిచి ఉంటుంది. ఓరగా చూస్తే కనిపించేదే. కానీ నా చేత్తో ఇంకొకరికి మా ఇంట్లో బెల్లం పెట్టడం అదే మొదలు, పక్కకి చూస్తూ పెట్టడం మర్యాదగా అనిపించలేదు. నేరుగా ఆమె మొహంలోకి చూశాను. మొహం పోయింది. ముక్క వెళ్లి గడ్డానికి తగిలింది.

ఆమె నా మణికట్టు పట్టుకుని చెయ్యిని తన నోటి దాకా తీసుకెళ్లింది. బెల్లం తీసుకున్నాక కూడా కాసేపు వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మా ఆయన మగ్గంలో దిగాడు. కొత్త పోగులు దువ్వెనలాంటి పన్నె దాటి వచ్చేదాకా మెల్లగా లాగాడు. మెలికలు ఒక్కొక్కటే దాటుతుంటే నేను గోడకి ఆనుకుని విన్నాను. ఒక్క పోగు కూడా తెగలేదు. బాగా అతికింది.